మూడో పెట్టెలో డెబ్బై ఎనిమిది మంది

2018లో దసరా సెలవులు అయిపోయి విశ్వవిద్యాలయం తెరిచిన రోజు, మా జన్యుశాస్త్ర విభాగంలో పోయినవాటి జాబితా నేనే రాశాను. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది. అందులో ఉన్న వరుసలోనే చెబుతాను.

మైనస్ ఎనభై డిగ్రీల ఫ్రీజర్ ఆగి ఉన్నది అయిదు రోజులు. అందులో కరిగిపోయిన రక్తపు గొట్టాలు రెండు వందల ముప్ఫై ఎనిమిది. ఒక్కో గొట్టం ఒక్కో మనిషిది, ఎవరికీ రెండోది లేదు. చెడిపోయిన ఎంజైమ్ సీసాలు పద్నాలుగు. మూత ఊడి ఒలికిపోయిన గొట్టాలు ఏడు. పేరు చీటీ ఊడిపోయి, ఎవరిదో తెలియకుండా మిగిలినవి డెబ్బై ఒకటి. ఈ ఏడూ, ఆ డెబ్బై ఒకటీ ఒకే పెట్టెలోవి. దాన్ని మేం మూడో పెట్టె అనేవాళ్ళం. ఆ పెట్టెకు రక్తం ఇచ్చాక చనిపోయినవాళ్ళు, అంటే మళ్ళీ అడగడానికి వీల్లేనివాళ్ళు, నలుగురు. ఈ రక్తమంతా సేకరించడానికి స్రవంతి అనే పరిశోధక విద్యార్థిని తిరిగిన కాలం రెండేళ్ళ నాలుగు నెలలు. ఆమె ఫెలోషిప్‌లో ఇంకా మిగిలింది అయిదు నెలలు.

నేను శాస్త్రవేత్తను కాను. ఇంటర్మీడియట్ పాసై, ఈ విభాగంలో టైపు పనికి చేరాను. రిజిస్టర్లు రాయడం, గొట్టాలకు నంబర్లు వేయడం, ఏ పెట్టెలో ఏ గడిలో ఎవరున్నారో జాబితా పెట్టడం నా పని. లెక్కలంటే చిన్నప్పటి నుంచి ఇష్టం. మధ్యాహ్నం డబ్బా తిన్నాక లైబ్రరీలో గణాంకశాస్త్రం పుస్తకాలు ముందేసుకుని, అర్థమైన పేజీ అర్థమైనట్టు, కానిది ఎవరో ఒక విద్యార్థిని అడిగి, అలా పన్నెండేళ్ళు చదువుకున్నాను. తార్నాకలో మా ఇంటి నుంచి విభాగానికి నడిచే దారిలో మనసులో లెక్కలు చేసుకోవడం నాకు అలవాటు. అందుకే విద్యార్థులు తమ పట్టికలు తెచ్చి, "ఆంటీ, ఒకసారి చూడండి" అంటారు. ఆ గౌరవం నాకు చాలా పెద్దది.

స్రవంతి చదువుతున్న విషయం ఇది. కొన్ని ఊళ్ళ నుంచి రెండు మూడు తరాల కిందట కొన్ని కుటుంబాలు కూలిపనికి హైదరాబాదు వచ్చి గోల్నాకలో స్థిరపడ్డాయి. వాళ్ళ కులం పేరు ఇక్కడ రాయను, రాయబోమని వాళ్ళకు మాటిచ్చాం. ఊళ్ళో ఉండిపోయినవాళ్ళ రక్తం ఒకటో పెట్టెలో, రెండో పెట్టెలో ఉంది, నూట అరవై మందిది. గోల్నాక వాళ్ళది మూడో పెట్టెలో, డెబ్బై ఎనిమిది మందిది, పదిహేడు కుటుంబాలు. రెండు వైపులా తల్లి వంశాలు ఎన్ని ఉన్నాయి, పట్నం వచ్చాక కొత్తవి ఏమైనా కలిశాయా అన్నది ఆమె ప్రశ్న. మూడో పెట్టె లేకపోతే పోల్చడానికి రెండో వైపు ఉండదు. ఆమె పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథమూ ఉండదు.

తల్లి వంశం సంగతి ఒకమాట చెప్పాలి. మన కణంలో డీఎన్ఏ రెండు చోట్ల ఉంటుంది. ఎక్కువ భాగం మధ్యలో, కేంద్రకంలో ఉంటుంది. అది తల్లిదీ తండ్రిదీ కలగలిసినది. ఇంకొంచెం మైటోకాండ్రియా అనే చిన్న భాగాల్లో ఉంటుంది. ఇది తల్లి నుంచే వస్తుంది. కొడుక్కీ కూతురికీ ఇద్దరికీ వస్తుంది కానీ, కొడుకు దగ్గర ఆగిపోతుంది. కూతురే ముందుకు తీసుకుపోతుంది. అలాగే వై క్రోమోజోము తండ్రి నుంచి కొడుక్కే పోతుంది. మైటోకాండ్రియాలో ఉన్నది పదహారు వేల అయిదు వందల పైచిలుకు అక్షరాల పాఠం. తరతరానికీ దాన్ని నకలు రాసేటప్పుడు ఎప్పుడో ఒకసారి ఒక అక్షరం తప్పు పడుతుంది. పడిన తప్పు తర్వాతి నకళ్ళన్నిటిలోకీ పోతుంది. ఇది నాకు తొందరగానే అర్థమైంది, ఎందుకంటే నేను రిజిస్టర్లు నకలు రాసే మనిషిని. రెండు నకళ్ళలో ఒకే చోట ఒకే తప్పు కనబడితే, అవి రెండూ ఒకే ప్రతి చూసి రాసినవని ఏ గుమాస్తా అయినా చెబుతాడు. ఇద్దరు మనుషుల పాఠాల్లో తేడాలు లెక్కపెడితే, వాళ్ళిద్దరికీ ఉమ్మడి తల్లి ఎంత కిందట ఉండి ఉంటుందో అంచనా వేయవచ్చు. ప్రపంచంలోని మనుషులందరి తల్లి వంశాలూ వెనక్కి పోతే ఆఫ్రికాలో కలుస్తాయని శాస్త్రవేత్తలు తేల్చింది ఈ తేడాలు లెక్కపెట్టే.

ఇక ఫ్రీజర్ ఎలా ఆగిందంటే, కరెంటు పోలేదు, మిషను చెడిపోలేదు. నర్సింగ్ ఆపాడు.

నర్సింగ్ అప్పటికి రెండు నెలల కిందట కాంట్రాక్టు మీద వచ్చిన అటెండరు. నలభై దాటిన మనిషి, ఉండేది లాలాగూడలో. సెలవులకు ముందు చివరి పనిదినం సాయంత్రం విభాగంలో ఆయుధ పూజ చేశాం. మైక్రోస్కోపుకు, సెంట్రిఫ్యూజ్‌కు, ఫ్రీజర్లకు పసుపు కుంకుమ పెట్టాం. నేనే కొబ్బరికాయ కొట్టి ఇంటికి వెళ్ళాను. గదులు తాళం వేసే పని నర్సింగ్‌ది. సెలవుల తర్వాత నేను వచ్చేసరికి నేలంతా నీళ్ళు. అతను తన భుజం మీది తువ్వాలతో గొట్టాలను ఒక్కొక్కటే తుడిచి, బల్ల మీద పాత న్యూస్‌పేపర్ పరిచి వరసగా పేరుస్తున్నాడు.

"నర్సింగ్, ఏమైంది? ఎవరు బంద్ చేసిన్రు దీన్ని?"

"నేనే బంద్ చేసిన అమ్మా."

"ఎందుకు?"

అతను నా ముఖం చూసి భయపడ్డాడు కానీ దాచలేదు. "ఏడాదంత ఒక్క గంట గూడ ఆగకుండ నడుస్తనే ఉంటది గదమ్మా. పూజ చేసినంక గూడ నడిపిస్తమా? మా నాయిన రైల్వే షాపుల ఫిట్టరు. ఆయుధ పూజ అయినంక లేతు మిషన్ మీద చెయ్యి గూడ వెయ్యనియ్యకపోతుండె. దానికి గూడ ఒక పండుగుండాలె అంటుండె. గందుకే స్విచ్ తీసి, దండం పెట్టిపోయిన."

ఫ్రీజర్ తలుపు మీద 'డు నాట్ స్విచ్ ఆఫ్' అని ఇంగ్లీషులో అంటించి ఉంది. నర్సింగ్ తెలుగు చదువుతాడు, ఉర్దూ మాట్లాడతాడు, ఇంగ్లీషు చదవలేడు. ఆ కాగితం టైపు చేసింది నేను. చల్లదనం తగ్గితే మోగాల్సిన అలారంలో బ్యాటరీ అయిపోయిందని ఆగస్టులోనే రిజిస్టర్‌లో రాసి, తెప్పించడం మరిచిపోయింది కూడా నేనే. ఇవన్నీ నాకు ఆ పూట గుర్తు రాలేదు. నోటికి వచ్చినట్టు తిట్టాను. అతను తలవంచుకుని తుడుస్తూనే ఉన్నాడు.

ఒకటి, రెండు పెట్టెలు ప్లాస్టిక్‌వి, పై అరల్లో ఉన్నాయి. కరిగినా గొట్టాలు గడుల్లోంచి కదలలేదు, చీటీలు ఉన్నాయి. మూడోది అట్టపెట్టె, అడుగున ఉంది. కరిగిన మంచు నీళ్ళన్నీ దాంట్లోకి దిగాయి. పెట్టె నానిపోయి, చీటీలు ఊడి, గొట్టాలు నీళ్ళలో తేలాయి. ఏ గడిలోదో తెలిస్తే చీటీ లేకపోయినా జాబితా చూసి చెప్పేదాన్ని. నర్సింగ్ వాటిని తీసి తుడిచి, చూడముచ్చటగా, మూతల రంగు ప్రకారం పేర్చేశాడు.

కాసేపటికి స్రవంతి వచ్చింది. వాళ్ళది గోదావరి వైపు నుంచి వచ్చి తార్నాకలో స్థిరపడిన కుటుంబం. మా వీధి చివరే ఇల్లు. గది గుమ్మం దగ్గరే ఆగిపోయి బల్ల వైపు చూసింది.

"ఆంటీ, ఏమైనా మిగిలిందా?"

"లెక్క పెట్టనియ్యి బిడ్డా," అన్నాను. నాకు తెలిసిన ఓదార్పు అదొక్కటే.

సాయంత్రానికి మా ప్రొఫెసర్ సార్ వచ్చి జాబితా చూశారు. నర్సింగ్‌ను పిలిచి ఒక్క మాటే అడిగారు, "ఒక్క గొట్టమైనా చెత్తబుట్టలో వేశావా?" అని. "లేదు సార్, అన్నీ ఆడనే ఉన్నయి," అన్నాడు. సార్ నా వైపు తిరిగి, "సుగుణగారూ, కేంద్రకంలోని డీఎన్ఏ ముక్కలైపోయి ఉంటుంది. అది ఒక్కో కణంలో రెండేసి ప్రతులే. మైటోకాండ్రియాది అలా కాదు, ఒక్కో కణంలో వందలు, వేలు ఉంటాయి. కొన్ని పాడైనా కొన్ని మిగులుతాయి. ప్రయత్నిద్దాం," అన్నారు. ఎవరి ఉద్యోగం గురించీ మాట రాలేదు. మర్నాడు ఫ్రీజర్ మీద తెలుగులో, ఉర్దూలో కూడా కాగితాలు అంటించాం.

మళ్ళీ వెళ్ళి రక్తం తీసుకోవచ్చు కదా అని ఎవరైనా అడుగుతారు. మనిషి రక్తం తీయాలంటే సంస్థలో ఎథిక్స్ కమిటీ అనే నీతి సంఘం అనుమతి కావాలి. స్రవంతికి ఇచ్చిన అనుమతి గడువు ముగిసింది. కొత్తది రావడానికి అయిదు నెలలు చాలవు. పైగా పోయిన నలుగురూ పెద్ద వయసు వాళ్ళు, ఆయా ఇళ్ళలో వంశానికి మొదటి మెట్టు వాళ్ళే.

కాబట్టి పేరులేని డెబ్బై ఒక్క గొట్టాలకు పేర్లు వెతకడం మొదలుపెట్టాం. నా రిజిస్టర్ నిక్షేపంగా ఉంది. ఏ ఇంట్లో ఎవరెవరు, ఎవరికి ఎవరు ఏమవుతారు అన్నీ అందులో ఉన్నాయి. స్రవంతి ఒక్కో గొట్టం నుంచి డీఎన్ఏ తీసి, ముందు అది ఆడమనిషిదో మగమనిషిదో చూసేది. తర్వాత మైటోకాండ్రియా పాఠం, మగవాళ్ళదైతే వైలో చిన్న ముక్కల్లోనూ దొరికే కొన్ని చోట్లు చదివించేది. నేను పాత క్యాలెండరు కాగితాలు చింపి డెబ్బై ఒక్క చీటీలు చేసి బల్ల మీద పరిచాను. తల్లీ పిల్లల పాఠం ఒకటే కావాలి. తండ్రీ కొడుకుల వై ఒకటే కావాలి. ఒక ఇంట్లో తల్లి, ఇద్దరు కూతుళ్ళు, ఒక కొడుకు ఉంటే, ఒకే పాఠం ఉన్న మూడు ఆడ చీటీలు, ఒక మగ చీటీ ఒక చోట చేరాలి. రెండు కుటుంబాల పాఠాలు మూడే మూడు అక్షరాల తేడాతో దగ్గరగా ఉండి కొంచెం సతాయించాయి; తండ్రుల వైలు చూసి విడదీశాం. అన్నదమ్ములిద్దరిలో ఎవరిది ఏ గొట్టమో చెప్పలేకపోయాం, కానీ ఏ ఇంటిదో తెలిస్తే ఆమె ప్రశ్నకు చాలు. ఇలా అక్టోబరు నుంచి జనవరి దాకా పదిహేడు కుటుంబాల్లో పదహారు కుదిరాయి.

పదకొండో నంబరు కుటుంబం కుదరలేదు.

ఆ ఇంట్లో అయిదుగురు. బాలమ్మ అనే ముసలమ్మ, ఆమె కొడుకు అంజయ్య, అతని భార్య యాదమ్మ, వాళ్ళ కొడుకు, కూతురు. లెక్క ప్రకారం బాలమ్మది, అంజయ్యది ఒక పాఠం; యాదమ్మది, ఇద్దరు పిల్లలది ఇంకొకటి. రెండు, మూడు. బల్ల మీద మిగిలినవీ అయిదు చీటీలే, మూడు ఆడ, రెండు మగ. సంఖ్య సరిపోయింది. కానీ అయిదింటిలోనూ పాఠం ఒకటే. పదహారు వేల అయిదు వందల పైచిలుకు అక్షరాల్లో ఒక్క తేడా లేదు.

సార్ చాలాసేపు చూశారు. "మూతలు లీకై ఒకదాంట్లోది ఇంకోదాంట్లోకి పోయి ఉంటుంది," అన్నారు.

"రెండు రక్తాలు కలిస్తే పాఠం చదివే మిషను గ్రాఫుల ఒక్క అక్షరం కాడ రెండు శిఖరాలు రావాలె గద సార్? ఇక్కడ ఎక్కడ చూసినా ఒక్కటే ఉన్నది," అన్నాను.

"అయితే డీఎన్ఏ తీసేటప్పుడు ఒకే గొట్టం నుంచి అయిదుసార్లు తీసి ఉండాలి."

"మూడు ఆడ, రెండు మగ వచ్చినయి సార్. ఒక్క గొట్టం ఎట్లయితది?"

సార్ నా రిజిస్టర్ తిప్పి, యాదమ్మ వరుస మీద వేలు పెట్టారు. "పెళ్ళికి ముందు భార్యాభర్తల మధ్య బంధుత్వం: లేదు. మీ పట్టికే చెబుతోంది. మరి మొగుడికీ పెళ్ళానికీ తల్లి వంశం అక్షరం తేడా లేకుండా ఒకటే ఎలా వస్తుంది?"

సార్ కఠినంగా మాట్లాడే మనిషి కాదు. నెమ్మదిగానే చెప్పారు, "ఒక్క కుటుంబంలో కలగాపులగం జరిగిందంటే, మిగతా పదహారు కుదిరాయని ఎలా నమ్ముతాం స్రవంతీ? రేపు పరీక్షకుడు అడిగే మొదటి ప్రశ్న ఇదే. వారం చూద్దాం. కారణం దొరకకపోతే మూడో పెట్టె మొత్తం తీసేద్దాం."

బయటికి వచ్చాక స్రవంతి మెట్ల మీద కూర్చుంది. "నేనే సరిగ్గా తీయలేదేమో ఆంటీ. అప్పట్లో రోజుకు పదిహేను పదహారు గొట్టాలు చేసేదాన్ని, నిద్ర కూడా ఉండేది కాదు," అంది. రెండేళ్ళ నాలుగు నెలలు ఎండనకా వాననకా తిరిగిన పిల్ల, తన చేతులనే అనుమానించడం మొదలుపెట్టింది. అది చూడలేకపోయాను.

"ఆదివారం గోల్నాక పోదాం. రక్తం తియ్యొద్దు, సూది ముట్టొద్దు. గిట్ల కరిగిపోయిందని వాళ్ళకు చెప్పను గూడ చెప్పలేదు మనం. చెప్పొద్దామా?" అన్నాను.

ఆదివారం మధ్యాహ్నం ఇద్దరం అంబర్‌పేట దాకా బస్సులో పోయి, అక్కడి నుంచి గోల్నాక నడిచాం. అంజయ్య ఆటో నడుపుతాడు; ఆ పూట కిరాయికి కాచిగూడ స్టేషనుకు పోయాడట. యాదమ్మ ఇంట్లో ఉంది. నలభై లోపు మనిషి. స్రవంతిని చూడగానే గుర్తుపట్టింది.

"ఏందమ్మా, మళ్ళ సూదా? పోయినసారి గుచ్చిపోయిన్రు, మళ్ళ మొకం సూపియ్యలె. మా ఆయన నిన్న మొన్న గూడ అంటుండె, మన నెత్తురు యాడ అమ్ముకున్నరో ఏమో అని."

"అమ్ముకోలేదండీ," అంది స్రవంతి కంగారుగా.

"నవ్వులాటకు అన్న తీయ్. కూసోండ్రి."

కుర్చీలు వేసి నీళ్ళిచ్చింది. ఫ్రీజర్ ఆగిన సంగతి, చీటీలు పోయిన సంగతి దాచకుండా చెప్పాను. యాదమ్మ వింటూ గోడ మీది ఫోటో వైపు చూసింది. ఎండిపోయిన బంతిపూల దండ వేసి ఉన్న ఫోటో, అందులో బాలమ్మ.

"అయితే మా అమ్మమ్మది గూడ ఖరాబైందా?"

"ఎవరిది?" అన్నాను.

"మా అమ్మమ్మది. గీమె. పోయి ఏడు నెలలాయె."

"బాలమ్మ నీకు అత్త గద?"

"అత్తనే. అమ్మమ్మ గూడ." యాదమ్మ నన్ను వింతగా చూసింది. "మా అమ్మ తమ్ముడే గద మా ఆయన. మా అమ్మకు నేనొక్కదాన్నే బిడ్డను. బయటికియ్య బుద్ధిగాక మా మామకే చేసిన్రు. నేను పుట్టిన్నాడే మా అమ్మమ్మ అన్నదంట, ఇది నా కోడలు అని. ఏందమ్మా, అట్ల చూస్తున్నరు? మీ దిక్కు చేసుకోరా మేనమామను?"

స్రవంతి నోరు తెరిచి నా వైపు చూసింది. నేను వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటున్నాను. బాలమ్మ నుంచి కొడుకు అంజయ్యకు. బాలమ్మ నుంచి కూతురికి, ఆ కూతురి నుంచి యాదమ్మకు, యాదమ్మ నుంచి ఆమె పిల్లలిద్దరికీ. అయిదుగురిదీ బాలమ్మ పాఠమే. అక్కడ రెండు పాఠాలు వచ్చి ఉంటేనే తప్పు, ఒకటే రావాలి. మూడో పెట్టె కలగాపులగం కాలేదు. స్రవంతి చేతులు తప్పు చేయలేదు.

తప్పు చేసింది నేను. బంధుత్వం గడి నింపేటప్పుడు, ప్రతి జంటనూ విడిగా అడిగితే ఆలస్యమవుతుందని, పని తొందరగా తెమిలే ఉపాయం ఒకటి నేనే కనిపెట్టాను. భార్య పుట్టింటి ఇంటిపేరు, భర్త ఇంటిపేరు పక్కపక్కన పెట్టి, వేరువేరుగా ఉంటే 'లేదు' అని వేయమన్నాను. కంప్యూటర్ అలాగే వేసింది, నేను దాన్నే రిజిస్టర్‌లోకి ఎక్కించాను. మన దగ్గర ఒకే ఇంటిపేరు వాళ్ళు పెళ్ళి చేసుకోరు కదా. కాబట్టి వేరు ఇంటిపేరంటే వేరు నెత్తురు అనుకున్నాను. మేనమామకూ మేనకోడలికీ ఇంటిపేరు ఎప్పుడూ వేరే ఉంటుందన్నది ఇక్కడ పుట్టి పెరిగిన నాకు తెలియని సంగతి కాదు. మా చిన్నమ్మే మేనమామను చేసుకుంది. తెలిసి కూడా లెక్కలో పెట్టలేదు.

ఇంటిపేరు తండ్రి నుంచి వస్తుంది, వై క్రోమోజోములాగ. తల్లి పాఠానికి ఇంటిపేరంటూ లేదు. అది ప్రతి తరంలో ఒక కొత్త ఇంటిపేరు కిందికి మారి, అక్షరం చెక్కుచెదరకుండా నడుస్తూ ఉంటుంది.

"అమ్మమ్మది ఖరాబు కాలేదు యాదమ్మా," అన్నాను. "ఉన్నది. నీలో గూడ అదే ఉన్నది."

ఆమె లేచి కొంగుతో ఫోటో అద్దం తుడిచింది. తర్వాత అంది, "ఉంచుండ్రి అయితే. పారెయ్యకుండ్రి. ఇంగొకటి చెప్పనా అమ్మా? సూది గుచ్చేటప్పుడు ఊరందరికి చెప్తరు, ఇది తెలుస్తది అది తెలుస్తది అని. తెలిసినంక చెప్పెటోళ్ళు ఎవ్వరు రారు. మీకేం తేలిందో అది వచ్చి చెప్పుండ్రి. నాకొక్కదానికే కాదు, నెత్తురిచ్చినోళ్ళందరికి."

"వచ్చి చెప్తం," అన్నాను. స్రవంతి కూడా అదే మాట అంది.

సోమవారం సార్ గదిలో బాలమ్మ వంశం బోర్డు మీద గీసి చూపించి, ఆ గడి నింపిన పద్ధతి నాదేనని చెప్పాను. ఒప్పుకోవడానికి నాకు చాలా సిగ్గేసింది. నర్సింగ్ మూడు నెలల కిందట 'నేనే బంద్ చేసిన' అన్నప్పుడు ఒక్క క్షణం కూడా తడబడలేదని అప్పుడు గుర్తొచ్చింది. సార్ బోర్డు చూసి నవ్వారు. "మీ పట్టిక తప్పు, గొట్టాలు ఒప్పు. దీనికన్నా మంచి రుజువు నేను అడగలేను. కలిసిపోయిన గొట్టాలైతే ఇంత కచ్చితంగా ఒక వంశాన్ని చూపించేవి కావు," అన్నారు.

ఆ వారం పదిహేడు కుటుంబాలనూ మళ్ళీ అడిగాం. నేను 'లేదు' వేసిన పద్నాలుగు జంటల్లో అయిదు తప్పు. ఒకటి యాదమ్మది. మిగిలిన నాలుగూ మేనబావ సంబంధాలు. మేనబావను చేసుకుంటే ఇద్దరి తల్లి పాఠాలూ ఒకటి కానక్కర్లేదు, ఎందుకంటే వాళ్ళిద్దరినీ కలిపేది ఒక అన్నా ఒక చెల్లె. అన్న దగ్గర ఆ పాఠం ఆగిపోతుంది. అందుకే ఆ నాలుగు తప్పులూ బల్ల మీద బయటపడలేదు. యాదమ్మ ఇల్లు ఆ పెట్టెలో లేకపోతే నా తప్పు సిద్ధాంత గ్రంథంలోకి నడిచిపోయేది, ఎవరూ పట్టుకునేవాళ్ళు కాదు. ఈ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఆ ఇంటికి దండం పెట్టాలనిపిస్తుంది.

స్రవంతి మార్చి నెలాఖరుకు సిద్ధాంత గ్రంథం సమర్పించింది. కృతజ్ఞతల పేజీలో సార్ పేరు తర్వాత నర్సింగ్ పేరు, నా పేరు రాసింది. అతని పేరు చూపిస్తే, "నేను బంద్ చేసినందుకా అమ్మా?" అని అడిగాడు. కాదు, తుడిచినందుకు అని చెప్పాను. అది నిజం. ఆ పొద్దున్నే నానిపోయిన అట్టపెట్టెను చూసి ఇంకెవరైనా అయితే ఎత్తి బయట పారేసి, నేల తుడిచి, మాకు ఏమీ తెలియనట్టు నిలబడేవాళ్ళు. అతను డెబ్బై ఎనిమిది గొట్టాల్లో ఖాళీ అయిన ఏడింటిని కూడా పారేయలేదు. నేను అతన్ని తిట్టినందుకు క్షమించమని అడిగాను. "మీరు తిట్టకుంటే నాకు భయమైతుండె," అన్నాడు. ఇప్పటికీ మా దగ్గరే పనిచేస్తున్నాడు. దసరాకు ఫ్రీజర్‌కు కుంకుమ పెడతాడు, "నీకు సెలవు లేదు, ఏమనుకోకు" అని దానికే చెప్పి, నడుస్తుండగానే దండం పెడతాడు.

ఆ వేసవిలో మొదట యాదమ్మ దగ్గరికే పోయాం. బాలమ్మ వంశం ఒక పెద్ద కాగితం మీద గీసి తీసుకుపోయాను. అంజయ్య కూడా ఉన్నాడు. యాదమ్మ తన అమ్మ పేరు, అమ్మమ్మ పేరు వేలితో తడిమి, పైన గీత ఎటు పోతుందని అడిగింది.

"ఇంకా ఎన్కకు పోతే ఎన్నో వేల ఏండ్ల కింద ఆఫ్రికా దాంక పోతది," అన్నాను. "నీది, నాది, గీ స్రవంతిది, అందరిది గాడికే పోతది."

"ఆడికెల్లి నడిచొచ్చిందా మా అమ్మమ్మ వంశం?"

"నడిచే వచ్చింది."

"గందుకే," అన్నాడు అంజయ్య, "మా అమ్మ బతికినన్ని దినాలు మోకాళ్ళు గుంజుతున్నయనేది."

యాదమ్మ అతని వీపు మీద ఒక్కటి వేసింది. నేను అంత నవ్విన రోజు ఈ మధ్య లేదు.

మీ వృత్తిలో ఏం నేర్చుకున్నారని అడిగితే చెప్పుకోవడానికి నాకు పెద్ద మాటలు రావు. లెక్క తేలనప్పుడు గొట్టాలను అనుమానించే ముందు గడి నింపిన చేతిని అనుమానించాలి. ఆ గడిలో ఉన్న మనిషిని వెళ్ళి అడగాలి. అడిగి తీసుకున్నది ఏమైందో మళ్ళీ వెళ్ళి చెప్పాలి. మొదటి రెండూ మా విభాగంలో ఇప్పుడు నియమాలు. మూడోది నేను పెట్టుకున్నది.

స్రవంతికి వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చింది; సెలవులకు వచ్చినప్పుడల్లా ఒక ఆదివారం నాకిస్తుంది. మిగతా ఆదివారాలు నేను, వీలైతే నర్సింగ్, ఊళ్ళకు పోతున్నాం. కొందరు ఇల్లు మారారు, కొందరు పనికోసం దూరం పోయారు, కొందరు మేం ఎవరమో మరిచిపోయారు. ఒక ఇంట్లో చాయ్ ఇచ్చి మొత్తం విని, "గింత చిన్న ముచ్చటకు గింత దూరమొచ్చిన్రా," అన్నారు. రెండు వందల ముప్ఫై ఎనిమిది మందిలో ఇప్పటికి ఎదురుగా కూర్చుని చెప్పింది నూట అరవై మూడు మందికి. మేం చెప్పకముందే పోయినవాళ్ళు, బాలమ్మతో కలిపి, పంతొమ్మిది మంది. వాళ్ళ పిల్లలకు చెప్పాం కానీ, వాళ్ళను తీరిన లెక్కలో వేయడానికి నాకు చేయి రాలేదు. చెప్పాల్సినవాళ్ళు ఇంకా యాభై ఆరు మంది ఉన్నారు. రెండూ కలిపితే నా బాకీ డెబ్బై అయిదు.